పాలమూరు పాటల నాటకం: పందిరి నుంచి టీవీ దాకా

పాటతో కథ నడుపుతూ ఊరి మంచిచెడ్డలను నిలదీసే ప్రదర్శనలను టెలివిజన్‌కు మార్చే పని తెలుగునాట 1975లో మొదలైంది. యక్షగానం, చిందు బాగోతం, బుర్రకథ, శారద కథ, ఒగ్గు కథ, కళాజాత, ధూంధాం ఒక్కొక్కటి ఒక్కో తీరు. పాట, మాట, ఆట కలిపి జనం ముందు ఒక ప్రశ్న పెట్టడం మాత్రం అన్నిటికీ ఉన్న గుణం. నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ రూపాలు దాదాపు అన్నీ కనిపిస్తాయి. 2016 అక్టోబరు 11న విడిపోయేదాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. జనం నోట ఆ జిల్లా పేరు పాలమూరు. కరువు, వలస, మేస్త్రీల కింద కూలి బతుకు, జోగిని దురాచారం, భూమి తగాదా, కులం ఇక్కడి ఆటపాటలకు వస్తువులు.

యాభై ఏళ్ల ఈ చరిత్రలో ఒక ధోరణి స్పష్టంగా కనిపిస్తుంది. టీవీ ఈ నేల నుంచి పాటను పదేపదే తీసుకుంది, పాట చుట్టూ ఉన్న నాటకాన్ని మాత్రం చాలాసార్లు ఊళ్లోనే వదిలేసింది. నాటకంలోని విమర్శ పదునంతా పాటకూ పాటకూ నడుమ వచ్చే వచనంలో, కథకుడి పక్కన నిలిచే వంతలు వేసే ఎదురుప్రశ్నలో, ముందు కూర్చున్నవాళ్ల జవాబులో ఉంటుంది. పాటను విడదీస్తే రాగం దక్కుతుంది, నిలదీత జారిపోతుంది. ఈ ప్రాంతపు పాటల నాటకం టీవీలో ఏమైందో అర్థం చేసుకోవాలంటే అసలు పందిట్లో అది ఎలా నడిచేదో ముందు చూడాలి.

సంస్థానాలు, ఆశ్రిత కళలు

గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు సంస్థానాల రాజులు పండితులను పోషించారు. గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు ఆ పోషణతోనే వచ్చింది. ఆ సంస్థానంలోని బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక వేసి, 354 మంది తెలంగాణ కవులను ఒక్కచోట చూపించారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనదీ ఆయనే. ఆయన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల వరసలను పక్కన పెట్టి జనం తిండి, వేషం, ఆటపాటల మీదుగా చరిత్రను చెప్పింది. ఆటపాట కూడా చరిత్రకు ఆధారమేనన్న చూపు ఈ ప్రాంతపు రచయిత నుంచి రావడం సహజంగానే తోస్తుంది. బాగోతం ఆడని ఊరు ఇక్కడ అరుదు.

కోట బయట కళలకు వేరే పోషణ ఉండేది. మాదిగలను ఆశ్రయించుకుని చిందువాళ్లు, డక్కలివాళ్లు, గొల్లకురుమలను ఆశ్రయించుకుని ఒగ్గువాళ్లు బతికారు. ఏ ఊళ్లో ఎవరికి హక్కు, ఎంత త్యాగం, అంటే ఆనవాయితీ ప్రతిఫలం, ఇవ్వాలి అన్నవి తరాలుగా కుదిరిన కట్టుబాట్లు. చిందువాళ్లు, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం జాంబవంతుణ్ని అందరికంటే ముందు పుట్టినవాడిగా నిలిపి, కులాల మెట్లను తలకిందులు చేస్తుంది. సామాజిక స్పృహ అన్న మాట పుట్టకముందే ఆ పని చేసిన కథ ఇది. జంగాల నోట సోమనాద్రి కథ, రామేశ్వరరావు కథ వంటి సంస్థాన వీరగాథలు నడిచాయి. సర్వాయి పాపన్న పాటను జె.ఎ. బాయిల్ 1874లోనే అచ్చు వేయించాడు. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని చెప్పుకునే పండుగ సాయన్న కథ ఈ నేలకే సొంతం, కిన్నెర మీద ఇప్పటికీ వినిపిస్తుంది.

యక్షగానం ఇక్కడ బాగోతంగానే పేరుపడ్డది. తెర, గణపతి ప్రార్థన, సూత్రధారి, ద్విపద, దరువు, కందార్థం, వీటికి తోడు హార్మోనియం, మద్దెల, తాళాలు. పొద్దుగూకి ఎప్పుడో మొదలై తెల్లవారుజాము దాకా ఆట సాగుతుంది. చెర్విరాల బాగయ్య రాసిన యక్షగానాలు తెలంగాణ పల్లెల్లో చేతులు మారుతూ తిరిగాయి. నాగర్‌కర్నూల్‌లో స్థిరపడిన కపిలవాయి లింగమూర్తి (1928–2018) ఈ సీమ సాహిత్యాన్ని, స్థలచరిత్రలను జీవితాంతం పోగుచేశారు. ఆయన వంటివారు పూనుకోకపోతే ఈ వ్యాసంలోని పేర్లలో కొన్ని మనదాకా వచ్చేవే కావు.

వంత చేసే పని

బుర్రకథలో కథకుడు నడుమ నిలబడతాడు. భుజాన తంబూర, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథ పల్నాటిది కావచ్చు, బొబ్బిలిది కావచ్చు, రాజకీయపు వంత దాన్ని ఆపి ఇప్పటి సంగతి అడుగుతాడు. రేషను బియ్యం, పటేలు దౌర్జన్యం, నిన్న ఊళ్లో జరిగిన పంచాయితీ ఏదైనా రావచ్చు. కథకుడు జవాబు చెప్పి మళ్లీ కథలోకి వెళ్తాడు. ఈ ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ ఉండవు. ఊరినిబట్టి, ఆ పూట ముందు కూర్చున్నవాళ్లనుబట్టి పుడతాయి. బాగోతంలో ఇదే పని హాస్యగాడిది. దర్బారులో రాజు ముందు నిలబడి పల్లెటూరి మాట మాట్లాడగలిగేది అతనొక్కడే.

1940లలో కమ్యూనిస్టు ఉద్యమం జంగం కథ అని కూడా పిలిచే బుర్రకథను చేతిలోకి తీసుకున్నది ఈ గుణం చూసే. ప్రజానాట్యమండలి బుర్రకథను రైతు సభల్లోకి నడిపించింది. గుంటూరు సీమ పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ కళకు మారుపేరయ్యారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకాన్ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిజాం రాజ్యంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, యక్షగానాన్ని, పల్లె పాటల బాణీలను సాయుధ పోరాటానికి పనిముట్లు చేశారు. పాతరూపంలో కొత్త ప్రశ్న పెట్టవచ్చని వీళ్లు రుజువు చేశాక, తర్వాత వచ్చిన ఉద్యమాలన్నీ అదే దారి పట్టాయి.

టీవీకి ముందే జరిగిన కోత

పాటను నాటకం నుంచి విడదీయడం టీవీతో మొదలు కాలేదు. గ్రామఫోను కంపెనీలు పద్యనాటకాలను డ్రామా సెట్లుగా అమ్మాయి. రికార్డులో పట్టేది కొన్ని నిమిషాలే కాబట్టి పద్యాలు నిలిచాయి, నడుమ వచనం తెగిపోయింది. హరిశ్చంద్రలోని కాటిసీను పద్యాలు మైకుసెట్ల మీద ప్రతి జాతరలోనూ మోగాయి. ఆ సీనులో జాషువా పద్యాలు చేరి, చావు ముందు అందరూ ఒకటేనన్న భావం కోట్లమంది చెవిన పడింది. రికార్డు చేసిన మేలు చిన్నదేమీ కాదు. అయితే నాటకమంటే పద్యాల పోగు అన్న అలవాటు కూడా అక్కడే మొదలైంది.

సినిమా ఇంకో అడుగు వేసింది. కట్నం మీద కాళ్లకూరి నారాయణరావు రాసిన వరవిక్రయం 1939లో సి. పుల్లయ్య దర్శకత్వంలో తెరకెక్కింది. భానుమతికి అదే మొదటి చిత్రం. 1954లో వచ్చిన అగ్గిరాముడులో నాజర్ అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. ముగ్గురి నడక, ఎదురుమాట తెరమీద అలాగే నిలిచాయి. బుర్రకథను తెరకు పట్టడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవారు మొదట చూడాల్సిన ఘట్టం అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ మా భూమి కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసినది. పేరు ఒకటైనా నాటకానికీ దానికీ కథ వేరు. అందులో గద్దర్ తెరమీద పాడిన పాట, సుద్దాల హనుమంతు పశులకాపరి పాట తెలంగాణ పోరుపాటను ఊళ్లకు తిరిగి చేర్చాయి.

ఉపగ్రహం కింద ఒక ఏడాది

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సైట్ అని పిలిచిన ఉపగ్రహ బోధన ప్రయోగం నడిచింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్–6 ఉపగ్రహాన్ని ఏడాదికి ఇచ్చింది. కార్యక్రమాలు ఆకాశవాణిలోని టెలివిజన్ విభాగం, ఇస్రో తయారుచేశాయి. ఆరు రాష్ట్రాల్లో 20 జిల్లాలు, సుమారు 2,400 ఊళ్లు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్న నాలుగింటిలో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి హైదరాబాద్, మెదక్, కర్నూలు. అంటే కరెంటు సరిగా లేని పాలమూరు పల్లెలు కొన్ని, చాలా పట్టణాలకంటే ముందే టీవీ చూశాయి.

ఒక ఊరికి ఒక పెట్టె. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టేవారు. పైన ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగు లాంటి యాంటెన్నా. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాద్‌లో నిర్మాణ కేంద్రం ఉండేది. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాలు చెప్పడానికి జానపద రూపాలకు కూడా చోటిచ్చారు. ఈ ప్రయోగంలో రెండు విషయాలు గమనించదగ్గవి. ఒకటి, ఊరంతా ఒకేచోట కూర్చుని చూడటం. బుర్రకథ విన్నట్టే టీవీనీ గుంపుగా చూశారు, మాటకు మాట అనుకున్నారు. తర్వాత ఇంటింటికీ పెట్టె వచ్చాక ఈ గుంపు మళ్లీ కుదరలేదు. రెండోది, 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. ప్రయోగం ఏడాది పొడవునా ఆ నీడలోనే నడిచింది. వంత ఉండొచ్చు, రాజకీయపు వంత ఉండటానికి వీల్లేదు. బుర్రకథ ఆకారం వచ్చింది గాని దాని నోరు రాలేదు. కేంద్రం 1954లో పెట్టిన గేయ, నాటక విభాగం ఊరూరా ఇప్పించిన ప్రదర్శనలకూ ఇదే హద్దు. జానపదం ప్రభుత్వ సందేశాన్ని మోసే బండి అయింది. సందేశాలు మంచివే కావచ్చు, ఎదురు అడిగే హక్కు మాత్రం తెగింది.

అదే 1975లో ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచా కళాకారులతో హబీబ్ తన్వీర్ చరణ్‌దాస్ చోర్ నాటకాన్ని కట్టారు. రాయ్‌పూర్, బిలాస్‌పూర్, దుర్గ్ కూడా సైట్ జిల్లాలే. ఊరి కళాకారుల్ని వాళ్ల భాషలోనే, వాళ్లకు తోచిన తీరులోనే ఆడనిస్తే దొంగ కథ ఎంత పెద్ద ప్రశ్న అవుతుందో ఆ నాటకం చూపింది. శ్యామ్ బెనెగల్ వెంటనే దాన్ని సినిమాగా తీశారు. మన దగ్గర పండుగ సాయన్న కథకు అలాంటి చేయి దొరకలేదన్నది ఇప్పటికీ బాధగా ఉంటుంది. కథ ఉంది, పాడేవాళ్లున్నారు, పూర్తి నాటకంగా కట్టి తెరకెక్కించే పూనిక కొరవడింది.

స్టూడియోలో ఏం మారుతుంది

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో ప్రసారాలు ప్రారంభించాక బుర్రకథ, ఒగ్గు కథ, పద్యనాటకం స్టూడియోకు వచ్చాయి. మార్పిడి కష్టాలు అక్కడ బయటపడ్డాయి.

మొదటిది కాలం. ఆరేడు గంటల బాగోతం అరగంటకు కుదించాలి. తెలిసిన దర్శకుడైతే కథలో ఒక ఘట్టం ఎంచుకుని దాన్ని పూర్తిగా ఆడిస్తాడు. తెలియనివాడు కథంతా ఉంచి, ప్రతి దరువులోంచీ ఒక చరణం తీసేస్తాడు. రెండో పద్ధతిలో కథ అర్థమవుతుంది, ఎక్కడా ఎవరి గుండెకూ తగలదు. చాలా టీవీ ప్రదర్శనలు ఇలాగే పోయాయి.

రెండోది చూపు. కథకుడు జనంతో మాట్లాడతాడు, వంత కథకుడితో మాట్లాడతాడు. కెమెరా ముందు జనం లేరు. కథకుడు కెమెరా కళ్లలోకి చూస్తే ఇంట్లో ఉన్న మనిషితో మాట్లాడినట్టుంటుంది గాని వంతలు పక్కకు తప్పుకుంటారు. ముగ్గురినీ కలిపి దూరం నుంచి పడితే ముఖాల మీది హావభావం పోతుంది. కథకుడు ముందుకు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చే నడకకు తాళంతో లంకె ఉంది. నడక మధ్యలో దగ్గరి దృశ్యానికి మారిస్తే కాళ్లు కనబడవు, తాళం ఎక్కడిదో తెలియదు. మూడు కెమెరాలుంటే ఒకటి ఎప్పుడూ వంతల మీదే ఉండాలి, ఎందుకంటే వంత ముఖమే జనం ముఖానికి బదులు.

మూడోది వాద్యం. డప్పును మంట దగ్గర కాచి బిగి తెప్పించుకుంటారు. స్టూడియోలో మంటకు చోటు లేదు. చల్లగాలికి చర్మం బిగి మారితే మోత మారుతుంది. డక్కీ మోత కాలర్ మైకులో మాటను మింగేస్తుంది కాబట్టి చాలాసార్లు పాటను ముందే రికార్డు చేసి పెదవులు కదిలిస్తారు. ఇక అప్పటికప్పుడు పుట్టే మాట పుట్టదు. పాటల నాటకానికి ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

నాలుగోది భాష. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ పలుకు వేరు, అచ్చంపేట నల్లమల అంచు పలుకు వేరు. గద్వాల మాటలో ఒకవైపు రాయచూరు కన్నడం, ఇంకోవైపు కర్నూలు యాస తగులుతాయి. టీవీ మొదట వీటన్నిటినీ పుస్తక భాషలోకి దించింది, తర్వాత తెలంగాణ యాస అనే ఒకే మూసలో పోసింది. రెండుసార్లూ నడిగడ్డ గొంతు వినబడలేదు.

ఉద్యమం, ఛానెళ్లు

1990ల మొదట్లో అక్షరాస్యత కళాజాతలు కొత్త ప్రాణం పోశాయి. నెల్లూరు జిల్లాలో చదువు పాఠాల నుంచి, ఆటపాటల నుంచి లేచిన కదలిక దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటంగా మారింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. పాటల నాటకం నేరుగా ఒక చట్టాన్ని తెప్పించిన సందర్భాల్లో ఇది ముందు వరసలోది. టీవీ ఆ పోరాటాన్ని వార్తగా చూపింది, నాటకాన్ని చూపలేదు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం కోసం 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం ఆట, మాట, పాటలను ఒకే వేదిక మీదికి తెచ్చింది. రసమయి బాలకిషన్ దాన్ని నడిపించిన తీరులో బుర్రకథ కథకుడు, బాగోతం సూత్రధారి ఇద్దరూ కనిపిస్తారు. పాట ఆపి జనాన్ని అడుగుతాడు, జనం అరిచి చెబుతారు, మళ్లీ పాట అందుకుంటాడు. పాలమూరు కూలీల గోస, ఎండిన చెరువు, పారుతూనే కళ్లముందు దాటిపోయే కృష్ణ నీళ్లు వేదిక మీద వస్తువులయ్యాయి. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో రోడ్ల మీద, ఆఫీసుల ముందు ధూంధాంలు జరిగాయి. వార్తా ఛానెళ్లు గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారం చేశాయి. కోత లేదు, ముందు రికార్డు చేసిన పాట లేదు, ఎదురుగా జనం ఉన్నారు. పాటల నాటకాన్ని టీవీకి మార్చిన తీరుల్లో పాలమూరు స్వభావానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఈ ప్రత్యక్ష ప్రసారమే. ఎవరూ దాన్ని మార్పిడి అనుకోలేదు, కెమెరా పందిట్లోకి వచ్చి కూర్చుంది అంతే.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ధూంధాం కళాకారుల్లో చాలామంది ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో ఉద్యోగులయ్యారు. 550 మందికి జీతం దొరకడం చిన్న విషయం కాదు, కళ కడుపు నింపని కుటుంబాలవి. అయితే పథకాల మీద పాట కట్టడం పని అయ్యేసరికి రాజకీయపు వంత మళ్లీ మౌనంలోకి వెళ్లాడు. ఎమర్జెన్సీ నాటి హద్దుకూ దీనికీ తీవ్రతలో ఎంతో తేడా ఉంది, ప్రశ్న తగ్గడంలో మాత్రం పోలిక కాదనలేనిది.

గోరటి వెంకన్న దారి

నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న ఈ చరిత్రకు నడుమ నిలిచే మనిషి. తండ్రి నుంచి బాగోతం, తత్వాలు వంటబట్టాయి. ఆయన వేదిక మీద పాడేటప్పుడు చూసినవారికి తెలుసు, అది పాట మాత్రమే కాదు. పాటలోని మనుషులందరినీ ఒంటిచేత్తో ఆడతాడు. కుమ్మరి వామి మొదలుకొని ఊరి వృత్తులన్నీ ఎలా కూలిపోయాయో చెప్పే ఆయన పల్లె కన్నీరు పాట 2002లో కుబుసం సినిమాలోకి వెళ్లింది. ప్రపంచీకరణ మీద లెక్కల పుస్తకాలు చెప్పలేనిది అది చెప్పింది. 2021కి వల్లంకి తాళం సంపుటికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

మా టీవీ రేలా రే రేలా కార్యక్రమానికి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ, వందేమాతరం శ్రీనివాస్ న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. పల్లె పిల్లలు గజ్జె కట్టి, గొంగడి వేసుకుని పెద్ద ఛానెల్లో పాడటం అప్పటికి కొత్త. వాళ్ల పాట వెనుక కథను వెంకన్న విప్పి చెప్పేవాడు. పాడినవారి ఊరు, ఆ పాట ఎవరిది, ఏ పనిలో పాడతారు వంటివి. నిజానికి తెగిపోయిన వచనాన్ని ఆ కుర్చీలోంచి ఆయన తిరిగి అతికిస్తున్నాడు. పోటీ, మార్కులు, ఎలిమినేషన్ అన్న చట్రం మాత్రం పాటలను ఒకదానితో ఒకటి తలపడేలా నిలిపింది. కరువు పాటకు ఇన్ని, పెండ్లి పాటకు ఇన్ని అని మార్కులు వేయాల్సి వచ్చింది. బతుకు గోస చెప్పే పాటకు మార్కులేమిటన్న ప్రశ్న చాలామంది చూపరులకు అప్పుడే తట్టింది.

హాస్యపు వంత టీవీలో ఇంకో చోట తేలాడు. 2012లో వచ్చిన వీ6 ఛానెల్లో తీన్మార్ వార్తలు ఊరి మాటలో, ఇద్దరు మాట్లాడుకున్నట్టు సాగాయి. ఒకరు వార్త చెబితే ఇంకొకరు అడ్డుపడి అమాయకంగా అడిగేవారు. బిత్తిరి సత్తి పాత్ర అడిగిన తీరు బుర్రకథ విన్నవారికి కొత్త కాదు. పాట లేదు, కథ లేదు, వంత మిగిలాడు. పాటలేమో అదే ఛానెల్లో బతుకమ్మకు, బోనాలకు వేరే వీడియోలుగా వచ్చాయి. బుర్రకథలో ఒక్కటిగా ఉన్నవి రెండు కార్యక్రమాలయ్యాయి.

దేశం బయట చూస్తే

అమెరికాలో టీవీ సంస్థలు సామాజిక వస్తువున్న సంగీత నాటకాలను ప్రత్యక్షంగా ప్రసారం చేసే పద్ధతిని 2010లలో తిరిగి ఎత్తుకున్నాయి. 2016 డిసెంబరు 7న ఎన్బీసీ ప్రసారం చేసిన హెయిర్‌స్ప్రే లైవ్ కథ 1962లో బాల్టిమోర్ నగరంలో నడుస్తుంది. నల్ల, తెల్ల పిల్లలు కలిసి ఆడకూడదన్న నియమం ఉన్న ఒక టీవీ డాన్సు కార్యక్రమమే అందులో వస్తువు. టీవీని విమర్శించే నాటకం టీవీలోనే రావడం విశేషం. 2019 జనవరిలో ఫాక్స్ రెంట్ నాటకాన్ని లైవ్‌గా వేయబోతే ముందురోజు రిహార్సల్లో ముఖ్యనటుడికి కాలు విరిగింది. ఆ రిహార్సల్ రికార్డునే చాలావరకు చూపించి చివరి భాగం మాత్రం ప్రత్యక్షంగా ఇచ్చారు. కోట్ల డాలర్ల నిర్మాణాలకు కూడా ప్రత్యక్షం అన్న మాట ఎంత బరువో ఇది చెబుతుంది. బయటి నాటకాన్ని మన పద్ధతిలోకి మార్చిన ప్రయత్నమూ వేదిక మీద జరిగింది. తెలుగులో సురభి నాటక సంస్థ 1990లలో దర్శకుడు బి.వి. కారంత్‌తో కలిసి జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా ఆడింది. అయిదు తరాల పౌరాణిక పద్ధతి హైదరాబాద్ బస్తీ కథలో ఎలా ఒదిగిందో చూసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిలిచిపోయే రికార్డు, చెరిగిపోయే పేరు

పందిట్లో అన్న మాట పందిట్లోనే కరిగిపోతుంది. కెమెరా పట్టిన మాట నిలుస్తుంది. వేశ్యావ్యామోహాన్ని ఖండించడానికి కాళ్లకూరి రాసిన చింతామణి నూరేళ్ల ప్రదర్శనల్లో హాస్యగాళ్ల చేర్పులతో చాలా మారింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చాన్నాళ్లుగా అభ్యంతరం చెబుతూ వచ్చారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది. మూలంలో ఉన్నదేది, చేర్చినదేది అన్న చర్చ పక్కకుపోయింది. అప్పటికప్పుడు పుట్టే మాటను టీవీకి తెచ్చేవారు ఈ ఉదాహరణను మరిచిపోలేరు. వంతకు స్వేచ్ఛ ఇవ్వాలి, ఒక కులాన్నో ఆడవాళ్లనో ఎగతాళి చేసే పాత అలవాటును వదిలించుకోవాలి. రెండూ కలిసి చేయడం కష్టం, చేయక తప్పదు. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చినా, ఆ ఆడవాళ్ల కథను ఆడేటప్పుడు వాళ్లనే నవ్వులపాలు చేసిన ప్రదర్శనలూ పాలమూరు చూసింది.

హక్కుల సంగతి ఇంకా తేలలేదు. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కుకు స్పష్టమైన రూపం ఇచ్చింది. 1999లో దాని కాలాన్ని 50 ఏళ్లకు పెంచారు. 2012 సవరణ పేరు చెప్పించుకునే హక్కును, రాబడిలో వాటాను చేర్చింది. కాగితం మీద ఇది పాడేవాడికి బలమే. ఛానెల్ తెరమీద మాత్రం పాటకింద జానపదం అని ఒక్క మాట పడి ఊరుకుంటుంది. నిన్న మొన్న ఒక కవి రాసిన పాటకు కూడా అదే ముద్ర పడుతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద కథ చెప్పే కొద్దిమందిలో ఒకరు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటకు ఆయన గొంతుతో ఎత్తుగడ వేశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత టీవీ స్టూడియోలు ఆయనను చాలాసార్లు పిలిచాయి. ఎక్కువగా అడిగింది సినిమా పాటలోని ఆ కాస్త ముక్కే. పండుగ సాయన్న కథను మొదటి నుంచి చివరిదాకా, పాటా వచనమూ తెగకుండా, ఊరి జనాన్ని ముందు కూర్చోబెట్టి ఆయన చేత చెప్పించి ప్రసారం చేయడానికి పెద్ద సెట్టు అక్కర్లేదు. రెండు కెమెరాలు, ఒక రాత్రి చాలు. టైటిల్లో కథకుడి పేరు, ఊరు, కథ ఎవరి దగ్గర నేర్చుకున్నదీ రాస్తే, రేపు ఆ కథను నాటకంగా కట్టాలనుకునే పిల్లలకు ఎవరి గడపకు వెళ్లాలో తెలుస్తుంది.